చాముండి చెయ్యి

హిందూపురంలో చెవులు కుట్టేవాళ్ళకేం కరువు? కంసాలి ఆచారులున్నారు, కుట్టే గన్ను పెట్టుకున్న అంగళ్ళూ రెండు మూడున్నాయి. అయినా మడకశిర పక్క నుంచి, పెనుకొండ నుంచి, ఎక్కడో ఉన్న అమడగూరు నుంచి కూడా ఆడవాళ్ళు బిడ్డల్ని చంకనేసుకొని ప్రమీల ఫ్యాన్సీ స్టోర్ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. వచ్చి గాజులు చూడరు, రిబ్బన్లు చూడరు. "చాముండి ఉండాదా?" అని అడుగుతారు. అన్నానికి పోయిందంటే మెట్ల మీదే కూర్చుంటారు. "ఆ పిల్ల చెయ్యి మంచిది. బిడ్డకు మంటే తెలీదు" అని ఒకరికొకరు చెప్పుకుంటారు.

ఆ మంచి చెయ్యి ఎట్లా వచ్చిందో చాముండికి తెలుసు. బెంగుళూరు నుంచి గన్ను తెచ్చిన కొత్తల్లో, అమ్మినతను చూపించినట్టే చేసేది. స్కెచ్ పెన్నుతో చెవి తమ్మె మీద చుక్క పెట్టడం, స్పిరిట్ దూదితో తుడవడం, కమ్మను గన్నులో బిగించి టక్కుమని నొక్కడం, మళ్ళీ తుడవడం. గన్ను టక్కుమన్నప్పుడు బిడ్డలు ఉలిక్కిపడి ఊరుకునేవాళ్ళు. పచ్చి పుండు మీద స్పిరిట్ తగిలినప్పుడు మాత్రం, అబ్బా, ఆ ఏడుపు వినలేం. ముఖం నల్లబడి, ఊపిరి బిగబట్టి గుక్కపెట్టేవాళ్ళు. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టిన మనిషి చాముండి. కత్తికీ నెత్తురుకూ బెదరదు. పసిబిడ్డ ఏడుపు మాత్రం ఆమెకు పడదు. ఒక రోజు ఉండబట్టలేక స్పిరిట్ సీసాలో కాసిని నీళ్ళు కలిపి చూసింది. బిడ్డ ఏడవలేదు. ఇంకొన్ని కలిపింది. కొళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాల్సిన ఊరు కాబట్టి, అంగడి వెనక డ్రమ్ములో పట్టిపెట్టిన నీళ్ళే పోసేది. ప్రమీల చూసి, "మంచి పని చేస్తివి మేయ్, సీసా ఇంగా రోన్ని దినాలు వస్తాది" అనింది. పోను పోను సీసాలో స్పిరిట్ కంటే నీళ్ళే ఎక్కువయ్యాయి. చాముండి చెయ్యి మంచిదయింది.

శ్రావణ మాసం, శుక్రవారం. అంగట్లో కాలు పెట్టే సందు లేదు. ప్రమీల గాజుల దగ్గర గొంతు చించుకుంటోంది. చాముండి మూలనున్న స్టూలు దగ్గర గన్ను పట్టుకొని నిలబడింది. పొద్దున తడిపిన దూదే మధ్యాహ్నం దాకా నడుస్తోంది.

ఒకామె పూడుకుపోయిన రంధ్రం మళ్ళీ కుట్టమని కూర్చుంది. తమ్మె ఎర్రగా ఉబ్బి ఉంది, వేలు పెడితే వెచ్చగా తగిలింది, కింద చిన్న చీము పొక్కు.

"అక్కా, ఇది మాననీ. ఆ తర్వాత రా" అంది చాముండి.

ప్రమీల గాజుల మీద నుంచే అరిచింది. "శ్రావణ శుక్రారం పూట వచ్చిన మనిషిని ఎనిక్కి పంపుతావా? కుట్టి పంపీ, ఏం కాదు."

చాముండి కుట్టింది. గన్ను మూతిని అదే దూదితో తుడిచింది. ఆమె లేచి పోతూనే, పెనుకొండ నుంచి వచ్చినవాళ్ళు ఆ స్టూలు చుట్టూ మూగారు.

పెద్ద గుంపే. ముందు మారెమ్మ, బిడ్డకు నాయనమ్మ, ఆమె నోరే వాళ్ళింటికి పెత్తనం. వెనక కోడలు పుష్పావతి, బక్కపలచని మనిషి, బిడ్డ తల్లి. ఇంకా ధర్మవరంలో మగ్గం నేసే ఓబుళప్ప, పుష్పావతికి అన్న, బిడ్డకు మేనమామ. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే కదా చెవులు కుట్టించేది. ఆయన కొత్త పంచె కట్టుకొని, ఐదు నెలల ఆడబిడ్డను ఒళ్ళో పెట్టుకొని, పెండ్లికొడుకు మాదిరి బిగుసుకొని కూర్చున్నాడు. తట్టలో పసుపూ కుంకుమా, మధ్యలో రెండు బంగారు కమ్మలు. గన్నుకు పట్టేటట్టు ముల్లు సన్నంగా, వాడిగా తీయించి ఆచారి దగ్గర చేయించుకొచ్చాడంట.

చాముండి సీలు వేసిన కమ్మల పొట్లం చూపించింది. "పెద్దమ్మా, ఇవి కంపెనీలో మూసి పంపినవి. ఎవురి చెయ్యీ తగల్లేదు. ఇప్పుటికి ఇవి ఏద్దాం. పుండు మానినాక బంగారువి ఎక్కిద్దురు."

"అదేం మాటమ్మా! బిడ్డ చెవికి ముందు ఎక్కాల్సింది మేనమామ బంగారం. ఆ గిల్టువి నువ్వే పెట్టుకో" అని మారెమ్మ గయ్యిమంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

తట్ట చేతులు మారింది. ఒక్కొక్క ఆడమనిషీ కమ్మల్ని తీసి, పసుపులో అద్ది, కళ్ళకద్దుకొని, పక్కామెకు ఇచ్చింది. ఒకామె చంకలో బిడ్డకు ముక్కు తుడిచి, అదే చేత్తో తీసుకుంది. ఇంకొకామె తింటున్న బొరుగుల పొట్లం కింద పెట్టి మరీ తీసుకుంది. ఎవరికి వాళ్ళు ఆ బిడ్డ చల్లగా ఉండాలనే అనుకున్నారు, పాపం. కమ్మలు చాముండి చేతికి వచ్చేసరికి పసుపు ముద్దలయ్యాయి. ఇంతమంది చేతుల మురికినీ కడగాల్సింది ఆమె దగ్గరున్న సీసా ఒక్కటే. దూది మీద ఒంపి, కమ్మల్ని అందులో పొర్లించి, శ్రద్ధగా తుడిచింది. దూది తడిగా, చల్లగా ఉంది. వాసన మాత్రం లేదు.

ఎడమ చెవి బాగానే పడింది. కుడి చెవికి నొక్కబోతుండగా బిడ్డ తల విదిలించింది. గన్ను టక్కుమంది. చూస్తే కమ్మ తమ్మె దాటి, మీద గట్టిగా ఉండే చోట దిగింది. చాముండి గన్ను దించింది.

"పెద్దమ్మా, మీదికి పడింది. తీసి మళ్ళీ ఏస్తా."

"మేనమామ పెట్టిన బంగారం తీస్తారంటమ్మా ఎవురన్నా? పడిండే చోట పడనీ. అందమే." మారెమ్మ బిడ్డ తల నిమిరింది. "చూస్తిరా, ఏడ్సనే లేదు! నేను చెప్పలా, ఈ పిల్ల చెయ్యి బంగారమని!"

పోయేటప్పుడు పుష్పావతి వెనక్కి తిరిగి మెల్లగా అడిగింది. "పథ్యం ఏమన్నా ఉండాదాక్కా?"

చాముండి నోరు తెరిచే లోపలే మారెమ్మ అందుకుంది. "పాలు తాగే బిడ్డ, నువ్వు తింటే దానికి తగుల్తాది. వంకాయ ముట్టద్దు, చెనిక్కాయలు ముట్టద్దు. నంజు, పుండు మానదు. అంతే కదమ్మా?"

"అవును" అంది చాముండి. అందరూ అడిగేదే, ఆమె అందరికీ చెప్పేదే.

వినాయక చవితికి అంగట్లో రంగు కాగితాలు సర్దుతున్నప్పుడు ఓబుళప్ప వచ్చాడు. పంచె మాసి ఉంది, గడ్డం పెరిగి ఉంది. మెట్ల మీదే నిలబడి, "ఇది పుండ్లకు పనికొచ్చే పౌడరేనా తల్లీ?" అని అద్దాల బీరువాలోని డబ్బా చూపించాడు. అది ముఖానికి వేసుకునే పౌడరు.

"ఎవురికి మామా?"

"బిడ్డకు. కుడి చెవంతా వాచి, ఉబ్బి, దోసకాయ మాదిరి అయింది. ఈడ పెద్దాసుపత్రిలో చేర్చినాం. నిన్న కోసి చీము తీసినారు. లోపల ఉండే మెత్తటెముక కుళ్ళిందంట, ఆ ముక్క తీసేసినారు."  చాముండి ముఖం చూసి, ఆయనే ఓదార్చబోయాడు. "నీదేం తప్పులేదులే పాపా. నీ చేయి మంచిదని మా వాళ్ళు ఇప్పుటికీ అంటాండారు. తప్పు మా చెల్లెలిది. నోరు కట్టుకోలేకపాయ. వంకాయ తినిందంట, ముండ. ఏం చేస్తాం, మా రక్తమే."

చాముండి చేతిలోని రంగు కాగితం నలిగిపోయింది. మీదికి పడిన ఆ కమ్మే కళ్ళ ముందు కనపడింది.

సాయంత్రం బ్రెడ్డు పొట్లం పట్టుకొని ఆసుపత్రికి పోయింది. ఆడవాళ్ళ వార్డులో మూల మంచం మీద బిడ్డ నిద్రపోతోంది. తలకు చుట్టిన గుడ్డలో ముఖం ఇంతే కనపడుతోంది. కింద చాప మీద పుష్పావతి గోడకానుకొని కూర్చుంది. ఆమె ముందు గిన్నెలో మిరియాల చారు కలిపిన అన్నం, రెండు ముద్దలు కూడా లేదు. ఆసుపత్రికి రాకముందు నుంచీ అదే తిండంట, పొద్దున పూట అదీ లేదంట. పెదాలు పగిలి ఉన్నాయి.

మారెమ్మ చాముండిని చూడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇదో, ఈ పిల్లేనమ్మా కుట్టింది!" అని పక్క మంచాల వాళ్ళకు చూపించింది. "ఎంతమందికి కుట్టిందో! ఒక్క బిడ్డకు ఏమీ కాలా. మా కోడలు మహాతల్లి తిని కూకుంటే ఈ పిల్ల ఏం చేస్తాది?"

ఒక్క బిడ్డకు ఏమీ కాలేదా? ఎవరికి తెలుసు! చెవి వాచిన బిడ్డల తల్లులంతా ఊర్లలో తమ నోటినే తిట్టుకొని ఉంటారు, అంగడికి వచ్చి చెప్పేది ఎవరు? ఆ ఆలోచన రాగానే చాముండి చెప్పాలని నోరు తెరిచింది. వార్డంతా తన వైపే, తన చేతి వైపే చూస్తోంది. నోరు మూసుకుంది. బ్రెడ్డు పొట్లం చాప మీద పెట్టి, వరండాలోకి వచ్చేసింది.

వరండాలో సుశీలమ్మ సిస్టర్ ట్రే కడుగుతోంది. బిడ్డకు కట్టు కట్టేది ఆమే. చాముండి వెళ్ళి పక్కన నిలబడింది.

"ఆ బిడ్డకు చెవులు కుట్టింది నేనే సిస్టర్."

సుశీలమ్మ చెయ్యి ఆపలేదు. "గన్నుతోనా?"

"ఊ."

"గన్నును ఉడకబెడతారా?"

"ప్లాస్టిక్కు కదా సిస్టర్, కరిగిపోతాది. స్పిరిట్టుతో తుడుస్తాం."

"దాంతో వచ్చిన చిక్కే అది. ఒకరి చీమూ నెత్తురూ ఇంకొకరికి అంటిస్తాది, ఉడకబెట్టేకి కాదు. చెవి పైన ఉండే మెత్తటెముకకైతే అసలు వాడనే కూడదు, నలగ్గొడుతుంది." సుశీలమ్మ ట్రే బోర్లించింది. "పోనీ స్పిరిట్టన్నా సరిగ్గా పెడతావా?"

చాముండి తల వంచుకుంది. "మంట లేకుండా... నీళ్ళు కలుపుతా."

సుశీలమ్మ అప్పుడు తిరిగి చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఎన్ని నీళ్ళు?"

"సగానికి పైనే. డ్రమ్ములో నీళ్ళు."

"అయ్యో పిచ్చిదానా" అంది సుశీలమ్మ, అంతే. తడి చేతులు తుడుచుకుంటూ వార్డు వైపు చూసింది. "మరి ఆ పిల్లతల్లికి తిండి మాన్పించినారే? వంకాయకూ చెవికీ ఏం సంబంధం? నేను చెప్తే ఆ ముసలామె వినదు. పాలు కూడా ఎండిపోతాండాయి ఆ పిల్లకు."

బిడ్డను ఇంటికి పంపేసిన మరుసటి రోజు చాముండి ప్రమీలకు చెప్పింది, పెనుకొండకు పోయి నిజం చెప్పి వస్తానని. ప్రమీల చేతిలోని గాజుల డజను బల్ల మీద పెట్టేసింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? వాళ్ళే నీ తప్పు కాదంటాంటే, ఎదురుపోయి తగిలించుకుంటావా?"

"ఆ పిల్లను పస్తు పెడతాండారక్కా."

"అత్తా కోడండ్లు ఏమన్నా పడనీ. ఊరంతా ఇట్లే కుడతాండారు. నువ్వు పోయి చెప్తే రేపుటి నుంచి ఈ మెట్లెక్కేవాళ్ళుంటారా? నీ చేతికే కదా వచ్చేది జనం!" ప్రమీల గొంతు కొంచెం దిగింది. ఆమె చెడ్డది కాదు. చాముండికి పనీ అన్నమూ ఆమే ఇచ్చింది, జ్వరమొస్తే కాఫీ కాచి ఇచ్చింది. "పోవద్దు మేయ్. నా మాట ఇను. పోయినావంటే ఇంగ ఈడికి రావద్దు."

చాముండి స్టూలు దగ్గరికి పోయి, స్పిరిట్ సీసా తీసుకొని బ్యాగులో పెట్టుకుంది. గన్నును అక్కడే ఉంచింది. దారిలో మందుల అంగట్లో కొత్త సీసా ఒకటి కొనింది. పెనుకొండ బస్సు కదులుతుంటే, ప్రమీల అంగడి మెట్ల మీద ఎవరో ఆడవాళ్ళు బిడ్డతో కూర్చొని కనపడ్డారు.

మారెమ్మ ఇల్లు కొండ కింద వీధిలో. చాముండి పోయేసరికి మధ్యాహ్నం అన్నాల వేళ. మగవాళ్ళు తిని లేచినట్టున్నారు, కంచాలు వాకిట్లో ఉన్నాయి. పంచలో పుష్పావతి బిడ్డను ఒళ్ళో వేసుకొని కూర్చుంది. కట్టు విప్పేశారు. కుడి చెవి పైభాగం ముడుచుకొని, వాడిన తమలపాకు మాదిరి కిందికి వాలింది. ఎడమ చెవికి మేనమామ బంగారం మెరుస్తోంది. చాముండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిడ్డ ఆమెను చూసి నవ్వింది. ఆ నవ్వే ఓర్చుకోలేకపోయింది.

"రామ్మా, రా. కూకో" అని మారెమ్మ పీట వేసింది.

"కూర్చోను పెద్దమ్మా. చెప్పేకి వచ్చినా. తప్పు పుష్పది కాదు. నాది."

మారెమ్మ చేత్తో తోసేసింది. "నీ మంచితనం నీది. పోనీలే. అది దాని నోటితోనే ఒప్పుకునింది కదా!"

పుష్పావతి తల ఎత్తలేదు. "నిజమేనక్కా. తిన్న్యా. సట్టి కడిగేటప్పుడు అడుగున ఒక ముక్క అంటుకోనుండె. ఆకలై, అత్త చూడకుండా తిన్న్యా. ఆ పొద్దే చెవి వాచింది." బిడ్డ చెవి మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టింది. "ఒక్క ముక్కక్కా. దానికే నా బిడ్డకు ఇట్లాయ."

చాముండి ఆమె ముందు కూలబడింది. "కాదు పుష్పా! వంకాయకూ దీనికీ ఏం సంబంధం లేదు. సిస్టరు కూడా అదే చెప్పింది."

"సిస్టరు ఎన్నైనా చెప్తాది. ఆ యమ్మ కనిందా, పెంచిందా?" మారెమ్మ గొంతు లేచింది. "పెద్దోళ్ళ కాలం నుంచి ఉండే మాట. నంజు తింటే పుండు మానదు. నువ్వు కూడా అవునంటివి కదమ్మా ఆ పొద్దు!"

అన్నది నిజమే. చాముండి బ్యాగులోంచి రెండు సీసాలు తీసింది.

"పెద్దమ్మా, అగ్గిపెట్టె ఇస్తావా?"

మారెమ్మ అర్థం కాక చూసింది కానీ, పొయ్యి గట్టు మీది అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చింది. చాముండి గడప ముందున్న బండ మీద కొత్త సీసాలోది రవంత ఒంపి, పుల్ల గీసి పెట్టింది. గుప్పున అంటుకుంది. నీలం మంట బండ మీద పాకి, తడి ఉన్నంత సేపూ కాలి ఆరిపోయింది. మారెమ్మ ముఖం మారింది. ఆమె మొగుడు శంకరప్ప బతికున్నప్పుడు, ఊర్లో సారాయి అమ్మే రోజుల్లో, ఇదే బండ మీద ఒంపి పుల్ల గీసి చూసేవాడు. అంటుకుంటే మారుమాట లేకుండా తాగేవాడు. అంటుకోకపోతే అమ్మినవాడి ఇంటి ముందు నిలబడి, వాడి ఏడు తరాలనూ తిట్టొచ్చేవాడు. ఆ పరీక్ష ఎందుకో మారెమ్మకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చాముండి అంగడి సీసా మూత తీసింది. బండ మీద, పక్కనే ఒంపింది. పుల్ల గీసి పెట్టింది. పుల్ల చుయ్యిమని ఆరిపోయింది. ఇంకొకటి గీసింది. అదీ ఆరిపోయింది.

మారెమ్మ వంగి, ఆ తడిలో వేలు అద్ది వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"నీళ్ళు కలిపినావా?"

"కలిపినా పెద్దమ్మా. బిడ్డలు మంటకు ఏడుస్తారని కలిపినా. దీంతోనే కమ్మలు తుడిచినా, గన్నూ తుడిచినా. ఆ గన్నుతో అంతకు ముందే చీము చెవి కుట్టినా. అందుకే నీ మనవరాలు ఏడవలా. నా చెయ్యి మంచిదై కాదు."

వీధిలో ఎవరో గొర్రెల్ని తోలుకొని పోతున్నారు.  మారెమ్మ బండ మీది తడినే చూస్తూ నిలబడింది. ఇప్పుడు తిడుతుంది, కొడుతుంది కూడా అనుకుంది చాముండి. కొట్టించుకునేందుకే వచ్చినట్టు కదలకుండా ఉంది.

ముందు మాట్లాడింది పుష్పావతి. చిన్నబిడ్డ అడిగినట్టు అడిగింది.

"అయితే అత్తా... నేను అన్నం తినచ్చునా?"

మారెమ్మ లోపలికి పోయింది. గిన్నెల చప్పుడయింది. కంచంలో అన్నం పెట్టుకొని, దాని మీద మగవాళ్ళకు వండిన కూర వేసుకొని వచ్చింది. వంకాయ కూరే. కోడలి ముందు పెట్టింది. బిడ్డను ఆమె ఒళ్ళోంచి తీసుకొని, తన భుజాన వేసుకుంది.

పుష్పావతి ముద్ద కలిపి, నోటి దాకా తీసుకుపోయి ఆపేసింది. బిడ్డ చెవి వైపు చూసింది. 

"తిను" అంది మారెమ్మ.  "తినే... నీ వల్ల కాలా."

తర్వాత చాముండి వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిన్ను తిట్టేకి నాకు నోరు రావడంలా. తీసి మళ్ళీ ఏస్తానంటివి, వద్దన్నది నేనే. కానీ ఈ బిడ్డ చెవి చూస్తాంటే నీ మొగం చూడలేను. నువ్వింగ పో తల్లీ. మా వాకిట్లోకి మళ్ళా రావద్దు."

చాముండి లేచింది. సీసాలు అక్కడే మరిచిపోయి, చెప్పులేసుకొని వాకిలి దాటింది. ఎండ కళ్ళలో పొడుస్తోంది. అంగడి లేదు, పేరు లేదు, ఆ బిడ్డ చెవి మళ్ళీ రాదు. వీధి మలుపు దాకా పోక ముందే, వెనక పంచలోంచి పుష్పావతి గొంతు వినపడింది. నోట్లో ముద్ద ఉండగానే అడుగుతోంది.

"అత్తా, ఇంగ రోంత కూర ఏస్తావా?"